తోమా పేర వెలసిన గ్రంథం



చెన్నైలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువారికి మైలాపూరు దగ్గరి శాంథోమ్ చర్చి, ఊరి దక్షిణాన ఉన్న పరంగిమలై బాగా తెలిసిన చోట్లే. ఆ రెండింటికీ ముడిపడిన పేరు ఒక్కటే. ఏసుక్రీస్తు పన్నెండుమంది శిష్యులలో ఒకరైన తోమా పేరు అది. ఆయన భారతదేశానికి వచ్చాడని వివరంగా చెప్పే గ్రంథాలలో అతి పాతది ‘తోమా కార్యములు’. ఇది బైబిలులో చేరలేదు. దీనిని రాసింది ఎవరు? ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత? ఈనాటి ప్రసంగంలో విచారిద్దాం.

క్రొత్త నిబంధనలో 27 గ్రంథాలు ఉన్నాయి. సరిగ్గా ఈ 27 పేర్లే ఉన్న జాబితా మొదటిసారిగా మనకు కనబడేది అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ క్రీ.శ. 367లో రాసిన లేఖలో. అప్పటికే సువార్తలనీ, కార్యములనీ, లేఖలనీ ఎన్నో రచనలు చేతులు మారుతూ ఉండేవి. వాటిలో చాలావాటికి అపొస్తలుల పేర్లే తగిలించారు. ఇది మనకు వింత కాదు. వేమన మకుటంతో వినిపించే పద్యాలన్నీ వేమన చెప్పినవి కావని మన పరిశోధకులే తేల్చారు గదా! పెద్దల పేరు ఉంటే మాటకు బరువు వస్తుంది.

అలా రాసినవారంతా మోసగాళ్లేనా? క్రీ.శ. 200 ప్రాంతంలో టెర్టూలియన్ అనే రచయిత ఒక సంగతి చెప్పాడు. పౌలు పేరు మీద ఆసియా మైనరులో ఒక రచన పుట్టింది. రాసిన మతాధికారి దొరికిపోయాడు. పౌలు మీది ప్రేమకొద్దీ రాశానని ఒప్పుకున్నాడు. అయినా ఆయన పదవి పోయింది. దీనినిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. భక్తితో కల్పించేవారు ఆనాడూ ఉన్నారు. ఆ కల్పనను పట్టుకొని నిలదీసినవారూ ఆనాడే ఉన్నారు.

4వ శతాబ్ది ఆరంభంలో సంఘచరిత్ర రాసిన యుసేబియస్ ఇటువంటి రచనలకు మూడు పరీక్షలు పెట్టాడు. వెనకటి సంఘ రచయితలెవరైనా ఆ గ్రంథాన్ని ఉదహరించారా? దాని శైలి అపొస్తలుల కాలపు శైలికి పొసగుతుందా? అందులోని భావం అపొస్తలుల బోధతో కలుస్తుందా? నేటి పండితుల పనిముట్లు పెరిగాయి గాని, మొదటి రెండు ప్రశ్నలు ఇప్పటికీ పాతబడలేదు.

ఇక ‘తోమా కార్యములు’ కథ వినండి. యెరూషలేములో శిష్యులు చీట్లు వేసుకుంటే తోమాకు భారతదేశం వచ్చింది. ఆయన వెళ్లనన్నాడు. అప్పుడు ప్రభువే ఆయనను హబ్బాన్ అనే వర్తకుడికి దాసుడిగా అమ్మాడు. ఆ వర్తకుడు గుండఫర్ అనే రాజు దగ్గరకు తీసుకువెళ్లాడు. కోట కట్టమని రాజు డబ్బిస్తే తోమా దానిని బీదలకు పంచిపెట్టాడు. కోట ఏదని రాజు అడిగితే, పరలోకంలో కట్టానన్నాడు. రాజు ఆయనను చెరలో వేయించాడు. అంతలో రాజు తమ్ముడు గాద్ చనిపోయి, పైలోకంలో ఆ కోటను చూసి, తిరిగి బ్రతికి వచ్చి సాక్ష్యం చెప్పాడు.

చాలాకాలం పండితులు గుండఫర్ అనే రాజే లేడనుకున్నారు. 1830లలో ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతంలో చార్లెస్ మాసన్ సేకరించిన నాణేలతో ఆ అనుమానం తీరింది. తర్వాత పెషావరు ప్రాంతంలోని తఖ్త్-ఇ-బాహీ శాసనంలో ఆ రాజు 26వ పాలనా సంవత్సరం కూడా దొరికింది. క్రీ.శ. 1వ శతాబ్ది తొలి సగంలో తక్షశిల ప్రాంతాన్ని ఏలిన పహ్లవ రాజు గొండోఫరెస్ ఇతడేనని చాలామంది చరిత్రకారుల లెక్క.

అయితే గ్రంథమంతా నిజమేనా? ఇక్కడే మనం జాగ్రత్తగా అడుగు వేయాలి. రాజు ఉన్నాడన్నది రుజువైంది. తోమా ఆ రాజును కలిశాడన్నది రుజువు కాలేదు. పార్థియా మీదుగా సిరియాకు వెళ్లే వర్తకుల నోట ఒక రాజు పేరు చేరడం కష్టం కాదు.

గ్రంథాన్ని లోపలినుంచి చూస్తే రచయిత జాడ ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కథ రెండవ సగంలో వచ్చే రాజు పేరు మజ్దాయ్. అది పారశీక పేరు. రాజబంధువు భార్య పేరు మిగ్దోనియా. అది మెసొపొటేమియాలో నిసిబిస్ పట్టణం చుట్టుపక్కల ప్రాంతం పేరు! భారతదేశపు చెట్టూ చేమా, ఊరూ వాడా ఇందులో దాదాపు కనబడవు. మాట్లాడే పాము, మాట్లాడే గాడిదపిల్ల మాత్రం ఉన్నాయి. పెళ్లయినవారు కూడా బ్రహ్మచర్యం పాటించాలన్న బోధ అడుగడుగునా వినిపిస్తుంది. ఇది ఆనాటి సిరియా క్రైస్తవులలో బలంగా ఉన్న ధోరణి. అందువల్లనే ఈ గ్రంథం 3వ శతాబ్ది తొలినాళ్లలో, ఎడెస్సా ప్రాంతంలో, సిరియాక్ భాషలో పుట్టిందని పండితులలో ఎక్కువమంది అంటారు. ఎడెస్సా అంటే నేటి టర్కీలోని ఉర్ఫా. రచయిత పేరు పోయింది. తోమా మాత్రం కాదు. అంతా ఒకే చేతి రాత కూడా కాదు. ఇందులోని ‘ముత్యపు పాట’ సిరియాక్‌లో ఒక ప్రతిలోను, గ్రీకులో ఒక ప్రతిలోను మాత్రమే ఉంది.

మరి మైలాపూరు మాటేమిటి? ఈ గ్రంథంలో ఆ పేరు లేదు. నలుగురు సైనికులు కొండమీద తోమాను బల్లేలతో పొడిచారనీ, తర్వాత ఆయన అస్థికలను పడమటికి తీసుకుపోయారనీ మాత్రమే ఉంది. 4వ శతాబ్దిలో ఎడెస్సాలో తోమా సమాధిని యాత్రికులు దర్శించేవారు. కేరళ క్రైస్తవుల సంప్రదాయం, క్రీ.శ. 52లో ఆయన ఆ తీరానికి వచ్చాడన్న నమ్మకం, ఈ గ్రంథం మీద ఆధారపడి నిలబడినవని చెప్పలేం. వాటిని విడిగా తూచాలి. గ్రంథం కల్పన అయినంతమాత్రాన తోమా రాలేదని తేలిపోదు. రాజు నిజమైనంతమాత్రాన వచ్చాడనీ తేలదు.

ఇలాంటి పాత గ్రంథం ఏదైనా మీ చేతికి వస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు, ఎప్పుడు రాశారు? ఇందులో ఏ మాటకు బయటి సాక్ష్యం ఉంది? రాసినవారి కాలం గురించి ఇది ఏం చెబుతోంది? మూడవ ప్రశ్నకు ‘తోమా కార్యములు’ ఇచ్చే జవాబు విలువైనది. 1,800 ఏళ్ల కిందట ఎడెస్సా భక్తులు తమ అపొస్తలుణ్ణి తలచుకున్నప్పుడు, వాళ్ల మనసులో మెదిలిన దేశం మనది.