నవలల్లో మల్లికలు, తారీఖ్‌లో మల్లికలు

మన ఇళ్లల్లో తారీఖ్ చదివేవాళ్లు తక్కువ, కిస్సాలు చెప్పేవాళ్లు ఎక్కువ. నూర్జహాన్ పేరెత్తితే చాలు, పావురాల కిస్సా మొదలవుతుంది. మీనాబజార్‌లో షహజాదా సలీం రెండు పావురాలను మెహరున్నీసా చేతికిచ్చి వెళ్లాడట. తిరిగొచ్చేసరికి ఒకటే ఉంది. రెండోది ఎలా ఎగిరిపోయిందని అడిగితే, "ఇదిగో ఇలా" అంటూ చేతిలో ఉన్నదాన్ని కూడా వదిలేసిందట. ఆ అదాకు షహజాదా దిల్ ఇచ్చేశాడట. వినడానికి బాగానే ఉంటుంది. కాని ఆ కాలం నాటి తారీఖుల్లో ఈ పావురాలు ఎక్కడా కనిపించవు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, చరిత్రలో నిజంగా బతికిన గొప్ప స్త్రీల మీద నవలలు ఈమధ్య చాలా వస్తున్నాయి. మన పిల్లలు, ముఖ్యంగా కాలేజీ చదువుల్లో ఉన్న అమ్మాయిలు, వాటిని ఇష్టంగా చదువుతున్నారు. చదవాల్సిందే. పాఠ్యపుస్తకంలో ఒక్క పేరాకు మించి దొరకని నూర్జహాన్, జహానారా, బేగం హజ్రత్ మహల్ ఈ నవలల్లో నవ్వుతారు, ఏడుస్తారు, కోపగిస్తారు. అయితే నవల పక్కన పెట్టాక అమ్మాయి మనసులో ఏం మిగులుతుంది? ఒక బాద్షా మొహబ్బత్ వల్ల ఒక ఔరత్‌కు హుకూమత్ దొరికిందన్న మాటే మిగిలితే, ఆ మల్లికకు మనం ఇన్సాఫ్ చేయనట్టే.

నూర్జహాన్ సంగతే చూద్దాం. ఇందు సుందరేశన్ ఇంగ్లీషులో రాసిన "ద ట్వంటియత్ వైఫ్" 2002లో వచ్చింది. తర్వాత "సియాసత్" పేరుతో టీవీ సీరియల్ కూడా అయింది. చిన్నప్పటి నుంచీ షహజాదా మీద మనసు పెట్టుకున్న మెహరున్నీసా, ఎన్నో ఏళ్ల ఎదురుచూపు, చివరికి నికా. నవల అక్కడితో ఆగుతుంది. 2003లో వచ్చిన రెండో నవల "ద ఫీస్ట్ ఆఫ్ రోజెస్"లో ఆమె హుకూమత్ కథ నడుస్తుంది. చాలామంది మొదటిది చదివి, నికాతో తృప్తిపడి ఆగిపోతారు. నిజానికి తారీఖ్‌కు కావలసిన నూర్జహాన్ నికా తర్వాతే మొదలవుతుంది.

తారీఖ్ చెప్పేది ఇదీ. 1577లో ఇరాన్ నుంచి హిందుస్తాన్‌కు వలస వస్తున్న కుటుంబంలో, కాందహార్ దగ్గర ఆమె పుట్టింది. తండ్రి గియాస్ బేగ్, తల్లి అస్మత్ బేగం. 1594లో అలీ ఖులీతో నికా జరిగింది. షేర్ అఫ్గన్ అనే బిరుదు ఆయనదే. 1607లో బర్ద్వాన్‌లో బెంగాల్ సుబేదార్ కుత్బుద్దీన్ కోకాకూ ఆయనకూ జరిగిన గొడవలో ఇద్దరూ పోయారు. బేవా అయిన మెహరున్నీసా కూతురు లాడ్లీని తీసుకుని ఆగ్రా చేరింది. 1611లో జహంగీర్ ఆమెను నికా చేసుకున్నాడు. అప్పటికి ఆమె వయసు ముప్పై నాలుగు.

జహంగీర్ ఆమె కోసమే షేర్ అఫ్గన్‌ను చంపించాడన్న మాట నవలలకు బాగా పనికొస్తుంది. కాని పాత ఆషిఖ్ అయితే అడ్డు తొలగిన తర్వాత నాలుగేళ్లు ఎందుకు ఆగాడు? చరిత్రకారుడు బేణీ ప్రసాద్ దాదాపు వందేళ్ల కిందటే, జహంగీర్ మీద రాసిన గ్రంథంలో, ఈ కథకు సమకాలీన సాక్ష్యం లేదని కొట్టిపారేశారు. జహంగీర్ రోజువారీ సంగతులు రాసుకున్న తన కితాబులో 1611 నికా ప్రస్తావనే చేయలేదు. 1614లో మొదటిసారి ఆమె పేరు వస్తుంది. తనకు బుఖార్ వస్తే అందరి దగ్గరా దాచి, ఆమెకు మాత్రమే చెప్పానని రాశాడు. నాకు పావురాల కిస్సా కన్నా ఈ ఒక్క మాట విలువైనదిగా కనిపిస్తుంది. దర్బారులో ఎంతమంది ఉన్నా బాద్షా భరోసా పెట్టుకున్నది ఆమె మీదే.

ఆ భరోసాను ఆమె ఎలా నిలబెట్టుకుందో చూడండి. ఆమె పేరు సిక్కాల మీదికి ఎక్కింది. ఆమె ముహర్‌తో హుకుంలు వెళ్లాయి. 1617లో ఏనుగు మీద అంబారీలో కూర్చుని ఆరు తూటాలతో నాలుగు పులులను కొట్టిందని బాద్షానే మురిసిపోతూ రాశాడు. పంజాబ్‌లో నూర్‌మహల్ సరాయ్ కట్టించింది. ఆగ్రాలో అమ్మానాన్నల కోసం ఆమె కట్టించిన ఇతిమాదుద్దౌలా మక్బరా చూస్తే, తెల్ల సంగమర్మర్‌లో రంగురాళ్లు పొదిగే పని తాజ్‌మహల్ కంటే ముందే అక్కడ ఎంత అందంగా జరిగిందో తెలుస్తుంది. 1626లో మహబత్ ఖాన్ జీలం ఒడ్డున బాద్షాను ఖైదు చేస్తే, ఆమె ఏనుగెక్కి ఫౌజుతో నదిలో దిగింది. అంబారీలో తనతో ఉన్న ఒక స్త్రీకి బాణం తగిలితే తన చేత్తోనే పీకేసింది. ఆ లడాయి గెలవలేదు. తానే వెళ్లి బాద్షాతో పాటు ఖైదులో కూర్చుంది. కొన్ని నెలల్లో, కత్తితో కాకుండా తద్బీర్‌తో, ఇద్దరినీ బయటపడేసింది.

ఇంకో చిన్న సంగతి. గులాబీ అత్తరు కనిపెట్టింది నూర్జహానేనని మన దగ్గర అంటుంటారు. జహంగీర్ మాత్రం ఆ ఘనత ఆమె తల్లి అస్మత్ బేగందని రాశాడు. దానికి ఇత్ర్-ఎ-జహంగీరీ అని పేరు పెట్టింది సలీమా సుల్తాన్ బేగం. ఒక్క అత్తరు సీసా వెనుక ఇద్దరు ఔరత్‌ల పేర్లున్నాయి. కిస్సా మాత్రం వాటిని మింగేసి, అందరికీ తెలిసిన అందగత్తె పేరు ఒక్కటే మిగిల్చింది. కిస్సాలతో వచ్చే నష్టం ఇదే. ఒక్కరిని పెద్ద చేయడానికి చుట్టూ ఉన్న చాలామందిని చెరిపేస్తాయి.

అలాగని నవలే వద్దంటే అదీ బేఇన్సాఫీయే. తారీఖ్ మౌనంగా ఉన్నచోట నవలకు హక్కు ఉంది. బాబర్ కూతురు గుల్బదన్ బేగం తన అన్న కథను హుమాయూన్‌నామాగా రాసింది. జనానాలో ఎవరు అలిగారు, ఎవరు ఏడ్చారు అన్నదాకా అందులో ఉంటుంది. కాని మనకు దొరికిన ఒకే ఒక్క ప్రతి మధ్యలో ఆగిపోతుంది. అదే బేగం 1575లో బంధుస్త్రీలను వెంటబెట్టుకుని హజ్‌కు బయలుదేరి, 1582లో తిరిగొచ్చింది. సముద్రం మీద ఆ ఔరత్‌లు ఏం మాట్లాడుకున్నారు, అరబ్ నేల మీద ఆ ఏళ్లు ఎలా గడిపారు? ఆమె రాసి ఉంటే మనదాకా చేరలేదు. మంచి నవలా రచయిత్రి కలం పెట్టాల్సింది అలాంటి చోట. ఉన్న సాక్ష్యాన్ని పక్కకు తోసి ఇష్క్ కథ కట్టడం వేరు, లేనిచోట ఇన్సాన్ మనసును ఊహించడం వేరు.

దక్కన్ మల్లికలకు కూడా నవల పాతదే. నిజాం కొలువులో పనిచేసిన ఇంగ్లీషువాడు మెడోస్ టేలర్ చాంద్ బీబీ మీద "ఎ నోబుల్ క్వీన్" రాశాడు. ఆయన పోయాక 1878లో అచ్చయింది. మొఘల్ ఫౌజు అహ్మద్‌నగర్ కోట గోడ పేల్చేస్తే, రాత్రికి రాత్రి దగ్గరుండి ఆ గోడ పూడ్పించిన బేగం ఆమె. అవధ్ విషయానికొస్తే, కెనిజే మురాద్ ఫ్రెంచిలో రాసిన నవల 2010లో బేగం హజ్రత్ మహల్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. నవల చదివినవాళ్లు 1858 నాటి బేగం ఎలాన్ కూడా వెతికి చదవాలి. విక్టోరియా రాణి ప్రకటనకు ఒక్కొక్క మాటా పట్టుకుని జవాబిచ్చింది. కంపెనీ ఇచ్చిన వాగ్దానాలను ఎలా తప్పిందో గుర్తుచేసి, ఈ కొత్త మాటలను ఎలా నమ్మాలని అడిగింది. లొంగిపోకుండా నేపాల్ వెళ్లి, 1879లో ఖాట్మండూలో కన్నుమూసింది.

ఇక మన హైదరాబాద్. ఇక్కడ అందరికీ తెలిసిన పేరు భాగమతి. ఆమె నిజంగా ఉందా లేదా అన్న బహస్ ఇంకా తెగలేదు. హారూన్ ఖాన్ షేర్వానీ లేదన్నారు, నరేంద్ర లూథర్ ఉందన్నారు. కుతుబ్‌షాహీ గుంబదుల్లో ఆమె పేరిట ఒక్కటీ లేదు. కాని అదే ఆవరణలో ఒక పెద్ద గుంబద్ హయాత్ బక్షీ బేగందే. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, ఆరో సుల్తాన్‌కు బేగం, ఏడో సుల్తాన్‌కు అమ్మీ. 1626లో కొడుకు అబ్దుల్లా చిన్న వయసులో తఖ్త్ ఎక్కితే, హుకూమత్‌ను వెనుక నుంచి నిలబెట్టిందామె. 1656లో షహజాదా ఔరంగజేబ్ గోల్కొండను ముట్టడిస్తే, తానే అతని శిబిరానికి వెళ్లి సుల్హా మాట్లాడింది. నగరమంతా ఆమెను మా సాహెబా అని పిలిచింది. 1667లో పోయింది. హయత్‌నగర్‌కు ఆ పేరు ఆమె వల్లే వచ్చింది.

విజయవాడ రోడ్డు మీద బస్సులో ఆ ఊరు దాటేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? ఉందో లేదో తెలియని ప్రేయసి కిస్సా నోటికి వచ్చు. కోటను కాపాడిన తల్లి పేరు బోర్డు మీద ఉన్నా కళ్లకు ఆనదు. ప్రేయసి కథ అమ్ముడుపోయినంతగా పరిపాలన కథ అమ్ముడుపోదు మరి. మా సాహెబా మీద మంచి తెలుగు నవల రావాలని నా కోరిక. శత్రువు డేరాలోకి అడుగుపెట్టే ముందు ఒక అమ్మీ ఏమని దువా చేసి ఉంటుందో ఏ తారీఖూ చెప్పదు. దాన్ని కలమే చెప్పాలి.

అప్పటిదాకా అమ్మాయిల చేతిలో నవలలు ఉండనివ్వండి, లాక్కోకండి. చదవడం అయ్యాక మూడు సవాళ్లు మాత్రం అడగండి. ఈమె ఏం రాసింది? ఏం కట్టించింది? ఎవరికి ఏమని హుకుం ఇచ్చింది? జవాబులు నవలలో లేకపోతే తారీఖ్‌లో వెతకమనండి. ఒక ఛుట్టీ రోజున పిల్లలను హయత్‌నగర్ తీసుకెళ్లండి. అక్కడి పాత మసీదునూ, పక్కనే ఉన్న హాథీ బావినీ చూపించండి. ఆ మసీదును పిలిచేది సుల్తాన్ పేరుతో కాదు, హయాత్ బక్షీ పేరుతోనే.