ఒట్టేసిన మూడో రాత్రి

పామర్రు దాటి గుడివాడ రోడ్డెక్కిన టాటా ఏస్‌ను పోలీసులు ఆపారు. వెనక రొయ్యల ట్రేలు. ఐసు కరిగి నీళ్లు కారుతున్నాయి.

"ఊదు."

"నాగాయలంక నుంచి వస్తున్నా సార్. సరుకు దింపేసి వచ్చేస్తాను..."

"ముందు ఊదవయ్యా."

ఊదాడు. మిషన్ 120 చూపించింది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం.

ఇతనికి పేరు పెట్టలేదు. దివిసీమ లంకల్లో, గుడివాడ వీధుల్లో, బందరు కోనేరు సెంటర్లో ఎదురయ్యే పలువురి బతుకులు కలిపి అల్లిన గాథ ఇది. చట్టం, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

కోర్టులో అతని వంతు రెండు నిమిషాల్లో అయిపోయింది.

"తప్పు ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నానండి."

పదివేలు ఫైను. ఆరు నెలలు బండి నడపకూడదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. 2019 సవరణకు ముందు ఫైను రెండు వేలకు మించేది కాదు. ఆ పదివేలు భార్య డ్వాక్రా గ్రూపులో అప్పు తెచ్చి కట్టింది.

పొద్దున్నే గొంతులో ఇంత పోసుకుంటే గానీ అతని చేతుల వణుకు ఆగదు. ఆ సంగతి కోర్టులో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడే. బోనులో నిలబడ్డ ఆ పూట అతనికున్నంత భయం, సిగ్గు మళ్లీ ఎప్పుడూ ఉండవు. మాట వినే గడియ అదే. ఆ గడియను మనం రసీదు చేతిలో పెట్టి పోగొడుతున్నాం.

ఇంటికొచ్చాక పెద్దలు మోపిదేవి తీసుకెళ్లి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఎదుట ఒట్టు వేయించారు. నిజంగానే చుక్క ముట్టలేదు. మూడో రాత్రి మంచం మీద లేచి కూర్చున్నాడు. రెండు చేతులతో లేని స్టీరింగు తిప్పుతున్నాడు. ఎడమ చేత్తో లేని గేరు మారుస్తున్నాడు. ఒళ్లంతా చెమట.

"జరగండి! రొయ్య పాడైపోద్ది, జరగండి!"

"ఏమయ్యా, ఇటు చూడు. బండి లేదు, ఏమీ లేదు. ఇది మనిల్లు."

భార్యను గుర్తుపట్టలేదు. గాలి సోకిందని తల్లి వేపమండ తెచ్చింది. తమ్ముడు వినలేదు. ఆటో మాట్లాడి అవనిగడ్డ మీదుగా బందరు పెద్దాసుపత్రికి చేర్చాడు.

"మందు ఎప్పుడు మానాడమ్మా?" డాక్టరు మొదటి ప్రశ్న అదే.

ఏళ్ల తరబడి తాగిన శరీరానికి ఒక్కసారిగా మందు ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో కొందరికి మతి తప్పుతుంది. డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. మత్తు మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, బి1 ఇంజెక్షన్లు చేయాలి. ఆపైన తాగాలన్న యావను అణిచే మందులు, కౌన్సెలింగ్ నెలల తరబడి సాగాలి. ఒట్టు తప్పని నేననను. ఒట్టుకు ముందు డాక్టరు ఉండాలి.

ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. చికిత్స సంగతి ఇలా ఉంటే, మనం పట్టిన దారులు వేరు. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి తెచ్చారు. 1997లో ఆ నిషేధమూ పోయింది. విశాఖలో కోర్టు తాగి నడిపినవాళ్ల చేత ఆర్కే బీచ్ శుభ్రం చేయించింది. దానితో సిగ్గు కలగవచ్చు, వణుకు ఆగదు.

దారి మన చట్టంలోనే ఉంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం నాలుగో సెక్షన్ కింద దోషిని షరతులతో విడిచిపెట్టవచ్చు. మత్తుకు దూరంగా ఉండాలన్నది ఆ షరతుల్లో ఒకటిగా చట్టంలోనే రాసి ఉంది. నేరం మళ్లీ జరగకుండా తగిన ఇతర షరతులూ పెట్టొచ్చు. చికిత్సకు వెళ్లి, నెలనెలా ఆ కాగితం తెచ్చి చూపించమనడం అందులో ఇమడదా? అమెరికాలో 1990ల నుంచి ఇందుకోసం ప్రత్యేక కోర్టులే నడుస్తున్నాయి. దోషి నెలల తరబడి జడ్జి ముందుకొచ్చి చికిత్స ఎంతవరకు వచ్చిందో చెప్పుకోవాలి. ఎదుటివాడి ప్రాణం తీసిన కేసుల గురించి కాదు నేను అంటున్నది. మొదటిసారి ఊది దొరికినవాడి గురించి.

మన డ్రైవరు నెలనెలా మందులకు బందరు వస్తున్నాడు. మధ్యలో ఒకసారి జారాడు. మళ్లీ వచ్చాడు.

మీ ఇంట్లో రోజూ తాగే మనిషి ఉంటే ఇంట్లో కట్టేసి మాన్పించకండి. మత్తు మాన్పించే సహాయ నంబరు 14446కి గానీ, మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీమానస్ 14416కి గానీ ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు. కేసు నడుస్తుంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. వాయిదా రోజున లాయరు గారితో ఒక్క మాట చెప్పించండి: ఈ మనిషికి వైద్యం కావాలని.