మురుగులోనే ఉన్న కరెంటు

కుళ్లే పదార్థం నుంచి కరెంటు పుడుతుందని 1911లోనే చూపించింది ఒక వృక్షశాస్త్ర ప్రొఫెసర్. ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎం.సి. పాటర్ చక్కెర ద్రావణంలో ఈస్ట్ వేసి ప్లాటినం ఎలక్ట్రోడ్లు ముంచారు. వచ్చింది అర వోల్టు లోపే. 1931లో అమెరికాలో బార్నెట్ కోహెన్ అలాంటి సెల్స్‌ను వరసగా కలిపి 35 వోల్టులు రాబట్టారు గానీ, కరెంటు 2 మిల్లీఆంపియర్లు దాటలేదు.

చిక్కల్లా ఒక్కటే. తిండి అరిగించుకునేటప్పుడు బాక్టీరియాలో విడుదలయ్యే ఎలక్ట్రాన్లు కణం దాటి సులభంగా బయటికి రావు. వాటిని మోసుకొచ్చేందుకు 1980లలో లండన్ కింగ్స్ కాలేజీలో బెనెట్టో బృందం రంగు రసాయనాలు కలిపింది. పని జరిగింది. కానీ అవి ఖరీదైనవి, కొన్ని విషం కూడా. మురుగులో పోయదగ్గవి కావు. 1999లో దక్షిణ కొరియా పరిశోధకుడు బ్యుంగ్ హాంగ్ కిమ్ బృందం షెవనెల్లా అనే బాక్టీరియాకు ఆ రసాయనాలు అక్కర్లేదని చూపింది.

అయినా అది ఒంటరిగా పెంచిన ఒక జాతి. అసలు మలుపు బెల్జియంలోని ఘెంట్‌లో వచ్చిందని నేను నమ్ముతాను. కోర్నీల్ రబాయ్ బృందం బురదలోని బాక్టీరియా గుంపునంతటినీ సెల్‌లో వేసింది. ఎలక్ట్రోడ్‌కు పట్టిన పొరను తీసి కొత్త సెల్‌లోకి మారుస్తూ పోయింది. చదరపు మీటరుకు 0.6 వాట్లున్నది 4.31 వాట్లయింది. 2004లో వెలువడిన ఈ ఫలితంలో వాట్లను మించిన సంగతి ఇంకోటుంది. మనుషులు పైనుంచి పోసిన రసాయనాల పనే చేసే పదార్థాలను ఆ గుంపులోని సూడోమోనాస్ వంటివి సొంతంగా తయారుచేసుకుంటున్నాయి!

అదే ఏడు పెన్సిల్వేనియాలో బ్రూస్ లోగన్ బృందం ఎనిమిది గ్రాఫైట్ కడ్డీలు, మధ్యలో గాలి తగిలే క్యాథోడ్ ఉన్న గొట్టంలోకి ఇళ్ల మురుగునీరు పంపింది. విడిగా పెంచిన బాక్టీరియా ఏదీ వేయలేదు. సేంద్రియ మలినం 80 శాతం దాకా తగ్గింది. కరెంటు చదరపు మీటరుకు 26 మిల్లీవాట్లు. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎస్. వెంకట మోహన్ బృందం కూడా మిశ్రమ బాక్టీరియాతోనే వ్యర్థజలాలపై పరిశోధించింది.

ఇలాంటి గుంపులో పని పంచుకుంటాయి: పిండిపదార్థాన్ని, చక్కెరను కొన్ని జీవులు విడగొడతాయి. మిగిలిన ఎసిటేట్‌ను జియోబాక్టర్ వంటివి తిని ఎలక్ట్రాన్లు వదులుతాయి. రోజుకో రకంగా మారే మురుగును తట్టుకునేది ఈ గుంపే.

26 మిల్లీవాట్లతో ఊరు వెలగదు, నిజమే. సెల్‌ను పెద్దది చేసేకొద్దీ దిగుబడి పడిపోతోంది కూడా. కానీ మురుగుశుద్ధి కేంద్రాల కరెంటు బిల్లులో పెద్ద వాటా తొట్లలోకి గాలి కొట్టే బ్లోయర్లదే. ఈ బాక్టీరియాకు ఆ గాలి అక్కర్లేదు, బురదా తక్కువే మిగులుతుంది. పుట్టే కరెంటుకన్నా ముందు ఈ ఆదాను లెక్కగట్టాలి.