ఒక ఊరిపేరు, ఒక ఇంటిపేరు

మనవారిలో ఇద్దరు క్రొత్తగా కలిసికొన్నప్పుడు తొలుత వినవచ్చు ప్రశ్న "మీ ఇంటిపేరేమి?" అనునది. దాని వెంటనే వచ్చునది "మీదే ఊరు?" అను ప్రశ్న. ఒకప్పుడు ఈ రెండు ప్రశ్నలకును ఒకే జవాబు ఉండెడిదన్న సంగతి మనము తరచుగా తలపము. గురజాడ అను గ్రామము కృష్ణా జిల్లాలో కలదు. ఆ ఇంటిపేరు గల అప్పారావుగారి జీవితము గడచినది మాత్రము విజయనగరమున. ఇట్టి ఇంటిపేరు చెప్పునది ఇప్పుడున్న ఊరిని కాదు, పూర్వులు ఎప్పుడో విడిచి వచ్చిన ఊరిని.

ఈ విషయము తెలుగుదేశమునకే చెల్లునది కాదు. ఇంగ్లండునందలి ఒక అరుదైన ఇంటిపేరు పుట్టుకయు వ్యాప్తియు ఈనాడు శ్రోతల ఎదుట ఉంచదలచినాము. ఆ పేరు అటెన్‌బరో. మన దేశమున ఈ పేరు అపరిచితము కాదు. మహాత్మాగాంధీ జీవితమును చలనచిత్రముగా తీసి 1982లో లోకమునకు అందించినవారు రిచర్డ్ అటెన్‌బరో. పశుపక్ష్యాదుల బ్రదుకును దూరదర్శన చిత్రములలో కన్నులకు కట్టించిన డేవిడ్ అటెన్‌బరో ఆయన తమ్ముడు. పేరు ప్రసిద్ధమే కాని, దానిని ధరించినవారు కొలదిమంది. వారందరు ఎచ్చటివారు? అందరును ఒకే వంశమువారా? ఈ ప్రశ్నలకు జవాబు వెదకుచు పోయినచో పాత దస్తావేజుల నుండి జన్యుపరీక్షల వరకు నడువవలసి వచ్చును.

ముందుగా ఊరిని చూతము. ఇంగ్లండు నడిమి భాగమున నాటింగ్‌హాం అను నగరము కలదు. దానికి నైరుతి దిక్కున, ట్రెంటు నది ఒడ్డున అటెన్‌బరో అను చిన్న గ్రామమున్నది. సెయింట్ మేరీ పేరిట అచ్చట ఒక పురాతనమైన చర్చి కలదు. రాజు తలతీయించిన ఆలివర్ క్రామ్‌వెల్ పక్షమున సేనానియై, ఆయనకు అల్లుడును అయిన హెన్రీ ఐర్టన్ 1611లో ఈ ఊరిలోనే పుట్టినాడు. ఇరువదవ శతాబ్దమున ఈ ఊరి ప్రక్కన గులకరాయి త్రవ్వగా ఏర్పడిన పెద్ద గుంటలు నీటితో నిండి సరస్సులైనవి. 1966లో వానిని పక్షులకు రక్షితస్థలముగా చేసినప్పుడు, ప్రారంభోత్సవము చేసినవారు డేవిడ్ అటెన్‌బరోయే. ఊరి పేరు మోసిన ఇంటిబిడ్డ ఆ ఊరికే అతిథిగా వచ్చినట్లయినది.

ఊరి పేరునకు అర్థమేమి? ఇంగ్లీషు భాష యొక్క ప్రాచీనరూపమున 'బుర్హ్' అనగా కోట, లేక కట్టుదిట్టమైన స్థలము. అడ్డ, లేక ఎడ్డి అను పేరు గల ఎవరో ఒక మనిషికి సంబంధించిన కోట అని పండితులు ఈ ఊరిపేరును విడదీయుదురు. ఆ మనిషి ఎవరో చరిత్రకు అందడు. కోట పోయినది, మనిషి పోయినాడు. పేరు మాత్రము వెయ్యేండ్లకు పైబడి నిలిచినది.

ఇంగ్లండులో 1066వ సంవత్సరమునకు పూర్వము సామాన్యునకు ఒక్క పేరే ఉండెడిది. ఆ యేడు నార్మన్లు దేశమును జయించిరి. వారి రాకతో భూస్వాములు తమ ఆస్తికి గుర్తుగా వంశపు పేర్లను నిలుపుకొనసాగిరి. తరువాత పట్టణవాసులు, వారి వెనుక రైతులు ఆ మార్గమునే త్రొక్కిరి. 1400 ప్రాంతమునకు ఇంగ్లండులో పెక్కు కుటుంబములకు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించు ఇంటిపేర్లు ఏర్పడినవి. వీనిని నాలుగు తెగలుగా చెప్పుట వాడుక: కమ్మరి అను అర్థము గల స్మిత్ వంటి వృత్తినామములు, జాన్ కొడుకు అను అర్థము గల జాన్సన్ వంటి పితృనామములు, పొట్టివాడు, ఎఱ్ఱనివాడు అనునట్టి ఎగతాళి పేర్లు, ఊరినిబట్టియో చోటునుబట్టియో వచ్చిన స్థలనామములు.

ఇచ్చట ఒక చిన్న చిక్కును గమనింపవలెను. అటెన్‌బరోలో కాపురమున్నంత కాలము ఒకనిని అటెన్‌బరోవాడని పిలుచుటలో ప్రయోజనము లేదు. ఊరందరును అటెన్‌బరోవారే కదా! అతడు ఆ ఊరు విడిచి మరియొక ఊర అడుగిడిన దినముననే ఆ పేరు అతనికి అంటుకొనును. కావున ఊరిపేరు ఇంటిపేరైన ప్రతిచోటను దాని వెనుక ఒక వలస దాగియుండును. తెలుగునాట ఊరిపేర్లు ఇంటిపేర్లయినదియు ఈ విధముననే.

ఈ వలస ఎంత దూరము? సాధారణముగా చాల తక్కువ. ఇది తెలిసికొనుటకు చరిత్రకారులకు కొన్ని సాధనములు కలవు. ఎనిమిదవ హెన్రీ కాలమున, 1538లో, ప్రతి చర్చిలోను నామకరణములు, వివాహములు, ఖననములు ఒక పుస్తకమున వ్రాసి ఉంచవలెనని థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ వెలువరించెను. 1801 నుండి పదియేండ్లకొకసారి జనాభా లెక్కలు వచ్చినవి. 1837 నుండి జననమరణములను ప్రభుత్వమే నమోదు చేయుచు వచ్చినది. 1890లో హెన్రీ బ్రూమ్ గప్పీ అను నాయన ఒక యుక్తి పన్నెను. నగరవాసులు తరచు ఊళ్ళు మారుదురు; రైతులు నేలను అంటిపెట్టుకొని ఉందురు. కనుక ఏ జిల్లాలో ఏ పేరు గల రైతులు పదివేలకు ఎందరున్నారో లెక్కించినచో ఆ పేరు జన్మభూమి బయటపడునని ఆయన భావము. ఈనాడు 1881 జనాభా లెక్కలు పూర్తిగా యంత్రములకెక్కినవి. ఒక ఇంటిపేరును ఎన్నుకొన్నచో అది ఏ జిల్లాలో దట్టముగా ఉన్నదో పటము మీద చూడవచ్చును.

ఆ పటము మీద స్మిత్ అను పేరు దేశమంతట పరచుకొని ఉండును. అటెన్‌బరో అట్లు కాదు. నాటింగ్‌హాంషైరులోను, దానిని ఆనుకొన్న ప్రాంతములోను చిక్కబడి, అచ్చటినుండి దూరము పోయిన కొలది పలుచబడును. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రియైన ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో జన్మించిన స్టేపుల్‌ఫర్డ్ అను ఊరు అటెన్‌బరో గ్రామమునకు కొలది మైళ్ళ దూరముననే ఉన్నది. ఇన్ని వందల యేండ్లలో ఆ పేరు నడచిన దూరము, ఒక మనిషి ఒక ఉదయమున నడువగల దూరమే!

మరి ఈ పేరు అరుదగుటకు కారణమేమి? ఇంటిపేరు తండ్రి నుండి కొడుకునకు మాత్రమే పోవును. కుమార్తెలే కలిగిన ఇంట, సంతానమే లేని ఇంట ఆ పేరు ఆగిపోవును. ఫ్రాన్సిస్ గాల్టన్ అను శాస్త్రజ్ఞుడు 1873లో ఈ సమస్యను గణితజ్ఞుల ఎదుట ఉంచగా, హెన్రీ వాట్సన్ అను గణితజ్ఞుడు దానిని పరిష్కరింప పూనుకొనెను. ఎవరి దోషమును లేకయే, కేవలము అవకాశవశమున అనేకములైన పేర్లు కాలక్రమమున అంతరించునని అట్టి లెక్కలవలన తేలినది. 1348లో వచ్చిన నల్లమారి ఇంగ్లండు ప్రజలలో మూడవవంతునో, అంతకు మించియో తుడిచివేసినది. ఒకే ఇంటిలో నిలిచియున్న పేర్లు అట్టి ఉపద్రవమునకు ఎంత సులభముగా లోనగునో ఊహింపవచ్చును. కావున నేడు మిగిలియున్న ప్రతి అరుదైన పేరును తుపానునకు తట్టుకొన్న దీపము వంటిది.

ఇంకొక సందేహము మిగిలినది. మధ్యయుగపు ఇంగ్లీషులో 'అట్టెన్' అనగా 'వద్ద' అని అర్థము. మద్దివంటి ఒక చెట్టువద్ద కాపురమున్నవాడు, ఆ చెట్టు పేరు ఆష్ కనుక, 'అట్టెన్ ఆష్' అనబడి, కాలక్రమమున నాష్ అయినాడు. అట్లే అటెన్‌బరో అనగా కోటవద్ద ఉన్నవాడని చెప్పుటకును వీలు కలదు. అది నిజమైనచో కోట ఉన్న ప్రతి ఊరను ఆ పేరు వేరువేరుగా పుట్టియుండవలెను. ఆ పేరు గలవారు అనేక వంశములవారై యుండవలెను. ఒక్క గ్రామమునుండి వచ్చినదే అయినచో వారందరును ఒక్క మూలమునకు చేరుదురు. దస్తావేజులు ఈ తగవును తీర్పజాలవు. తీర్చినది మనిషి రక్తమే.

పురుషుల శరీరకణములలో వై క్రోమోజోము అను ఒక అంశము కలదు. ఇదియు ఇంటిపేరువలెనే తండ్రి నుండి కొడుకునకు మాత్రమే సంక్రమించును. ఒకే పేరు గల పురుషులలో ఆ అంశము ఒకే తీరున ఉన్నచో వారి పూర్వుడొక్కడే అని తలపవచ్చును. బ్రయాన్ సైక్స్ అను ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞుడు 2000లో తన ఇంటిపేరు గలవారినే పరీక్షించెను. 48 మందిలో 21 మందికి ఒకే తీరు కనిపించెను. 2009లో లెస్టర్ విశ్వవిద్యాలయమున టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ అనువారు 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. స్మిత్‌లలో ఏ పోలికయు కానరాలేదు. వారు దేశప్రజలలో ఎవరో కొందరివలెనే ఉండిరి. అటెన్‌బరోల విషయము వేరు. వారిలో పదింట దాదాపు తొమ్మిదిమందికి తీరు ఒక్కటే! అదియు ఇంగ్లండులో సాధారణముగా కనిపించునది కాదు. కావున కాకతాళీయమని త్రోసివేయుటకు వీలులేదు.

ఐనను తొందరపడరాదు. మొదట నలుగురైదుగురు అటెన్‌బరోలు ఉండి, తక్కినవారి వంశములు నశించి, ఒకనిది మాత్రమే వృద్ధిపొందినను ఫలితము ఇట్లే ఉండును. రక్తము చెప్పునది నేడు మిగిలినవారి కథ. పోయినవారి కథ కాదు. ఒకే పూర్వుని సంతతి అనుట సరియే కాని, పేరు ధరించిన తొలివాడు అతడొక్కడే అనుట సాహసము.

మరి ఆ పదవవాని సంగతి యేమి? ఇంటిపేరు ఉన్నది, రక్తపు తీరు వేరు. దత్తత పోయినవాడు కావచ్చును. తల్లి ఇంటిపేరు నిలుపుకొన్నవాడు కావచ్చును. తండ్రి వేరైనవాడు కావచ్చును. ఇట్టి మార్పులు తరమునకు నూటికి ఒకటికిని నాలుగున్నరకును నడుమ ఉండునని ఆ పరిశోధకుల అంచనా. ఇరువది తరములలో ఆ స్వల్పమే కూడి పెద్దదగును. వంశగర్వము గలవారు ఈ లెక్కను ఒకమారు తలచుట మంచిది.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి అదే విశ్వవిద్యాలయమువారు 2007లో ప్రకటించిరి. యార్క్‌షైరు తూర్పుభాగమునకు చెందిన ఒక అరుదైన ఇంటిపేరు గల తెల్లజాతి మనిషిలో పశ్చిమాఫ్రికాకు చెందిన, మిక్కిలి అరుదైన వై క్రోమోజోము కనిపించెను. అదే పేరు గల మరి 18 మందిని పరీక్షింపగా ఏడుగురిలో అదియే ఉండెను. వారి వంశవృక్షములు 1780 దశకమున యార్క్‌షైరులో ఉండిన ఇద్దరు పురుషుల వద్దకు చేరినవి. ఆఫ్రికా పూర్వుడొకడు తమకు కలడని వారిలో ఎవరికిని తెలియదు. రోమను చక్రవర్తుల కాలముననే ఆఫ్రికా సైనికులు ఇంగ్లండు ఉత్తరపు సరిహద్దున కాపుండిరి. ఆఫ్రికాలో పుట్టిన సెప్టిమియస్ సెవరస్ చక్రవర్తి క్రీ.శ. 211లో యార్కు నగరముననే మరణించెను. తరువాతి కాలమున బానిస వ్యాపారము ఎందరినో ఆ తీరమునకు తెచ్చినది. ఏ దారిన వచ్చినను, అచ్చమైన యార్క్‌షైరు పేరు క్రింద ఒక ఆఫ్రికావాసి జ్ఞాపకము ఎవరును ఎరుగకయే నిలిచినది. జాతిశుద్ధిని గూర్చి గొంతెత్తి మాటాడువారికి ఇంతకంటె మెత్తని జవాబు మేము ఎరుగము.

ఇంకొక మాట చెప్పి ముగింతుము. పేరును, ఈ అంశమును రెండును పురుషుల దారిననే నడచునవి. తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ లెక్కలో ఎచ్చటను కనిపింపరు. పది తరములు వెనుకకు పోయినచో మనకు వెయ్యికి పైగా పూర్వులు కలరు; ఇంటిపేరు వారిలో ఒక్కని మాత్రమే చూపును.

ఫ్రెడరిక్ అటెన్‌బరో 1932 నుండి 1951 వరకు లెస్టరులో యూనివర్సిటీ కళాశాలకు అధిపతిగా ఉండెను. ఆ కళాశాలయే 1957లో విశ్వవిద్యాలయమై, తరువాత ఆయన ఇంటిపేరు చరిత్రను రక్తమున చదివినది. 1939లో నాజీల బారి నుండి తప్పించుకొని బెర్లిను నుండి వచ్చిన ఇద్దరు యూదు బాలికలకు ఆ దంపతులు తమ ఇంట ఆశ్రయమిచ్చిరి. యుద్ధమువలన ముందుకు పోవు దారి మూసుకొనగా ఆ పిల్లలు సుమారు ఏడేండ్లు ఆ ఇంటనే పెరిగిరి. తమకు ముగ్గురు కుమారులుండగా, ఇక మీదట ఈ బాలికలు మీకు చెల్లెండ్రని ఆ తల్లిదండ్రులు చెప్పిరి. కుమారులు అట్లే అంగీకరించిరి. ఆ బాలికల ఇంటిపేరు వేరు, రక్తము వేరు, మతము వేరు.

అటెన్‌బరో అను పేరునకు కోట అని అర్థము చెప్పుకొంటిమి. ఎవరో అడ్డ కట్టిన కోట ఎప్పుడో నేలమట్టమైనది. పరాయిబిడ్డలకు తలుపు తీసిన ఆ ఇల్లు మాత్రము పేరును సార్థకము చేసినదని మేము తలంచుచున్నాము.