ఆకాశవాణిలో ధర్మవాణి: మామిడితోటలలో శ్రవణభక్తి



నవవిధ భక్తులలో శ్రవణానికే మన పెద్దలు ప్రథమస్థానం ఇచ్చారు. శుకమహర్షి చెప్పగా పరీక్షిన్మహారాజు ఏడు దినాలు విన్నాడు. సూతుడు చెప్పగా నైమిశారణ్యంలో శౌనకాది మునులు విన్నారు. ఆ సభలలో చెప్పేవారు, వినేవారు ఎదురెదురుగా కూర్చున్నారు. అటువంటి పురాణశ్రవణం ఇరవయ్యవ శతాబ్దంలో రేడియో మూలంగా సభామంటపం దాటి ఇంటింటికీ చేరింది. ఆ చరిత్రను మన నూజివీడు సీమలో నిలిచి ఒకసారి స్మరించుకొందాం.

1938 జూన్ 16న మద్రాసులో రేడియో కేంద్రం ప్రారంభమైన నాటినుండి తెలుగు ప్రసంగాలు, గానసభలు గాలిలో వినిపించసాగాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వెలసింది. నూజివీడుకు అది యాభై కిలోమీటర్ల లోపు దూరమే. నాడు కృష్ణా జిల్లాలోను, 2022 నుండి ఏలూరు జిల్లాలోను ఉన్న ఈ ప్రాంతం చిన్నరసాలకు, బంగినపల్లి పండ్లకు పేరుపొందింది. పనసకొయ్యను తొలిచి వీణగా మలచి పలికించే శిల్పుల ఊరు కూడ ఇదే. నాదానికి విలువ తెలిసిన నేల కనుక ఆకాశవాణి ఇక్కడ పరాయిది కాలేదు.

ఆ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు తీర్చిదిద్దిన భక్తిరంజని తెలుగువారి ప్రాతఃకాలాన్నే మార్చివేసింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం వంటి విద్వాంసుల కంఠాలు కల్లాపి చల్లే వేళకే వాకిళ్లలో వినిపించేవి. స్టూడియోలో పాడినవి ఒక తీరు, జనం నడుమ పలికినవి మరొక తీరు. అందుకే ఆకాశవాణి 1954లో సంగీత సమ్మేళనాలను ప్రారంభించి, ఆహ్వానిత శ్రోతల సమక్షంలో జరిగిన కచేరీలను ధ్వనిముద్రణ చేసి ప్రసారం చేసింది. ఉగాది కవిసమ్మేళనాలు, హరికథలు, అవధానాలు కూడ ఇదే మార్గాన శ్రోతలకు అందాయి.

ఇందులో వక్తకు ఒక పరీక్ష ఉన్నది. సభలో పౌరాణికుడు శ్రోతల ముఖాలు చూచి కథను పెంచుతాడు, తగ్గిస్తాడు. ధ్వనిముద్రణ సమయంలో అతనికి ఎదుట కూర్చున్నవారు కొందరు, కనబడనివారు లక్షలమంది. చేతులు త్రిప్పి చూపిన భావం ఆ లక్షలమందికి చేరదు. దానిని మాటలోనే పలికించాలి. గడియారం కూడ అతనిని కనిపెట్టుకొని ఉంటుంది. మైకు ముందు ఒక్క అనవసరపు మాట దొర్లినా అది వేల ఇండ్లలో దొర్లినట్లే.

ఈ పరీక్షలో నెగ్గిన మహనీయులలో ఉషశ్రీగారు అగ్రగణ్యులు. 1928లో జన్మించిన వారి అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. వారు రామాయణ, భారతాలను పండితులు తలయూచేటట్లు, పామరులు తమ ఇంటి కథగా వినేటట్లు చెప్పారు. ధర్మసందేహాలు అనే శీర్షికలో శ్రోతలు ఉత్తరాలు వ్రాసి అడిగిన ప్రశ్నలకు సమాధానాలు ఇచ్చారు. కనబడని శ్రోత ఈ విధంగా ప్రశ్నించే శిష్యుడయ్యాడు. సూతునికి శౌనకుడున్నట్లు ఉషశ్రీగారికి ఆంధ్రదేశమంతా ఉన్నది.

వారి భద్రాచల సీతారామ కల్యాణ ప్రత్యక్ష వ్యాఖ్యానం మరువరానిది. చైత్ర శుద్ధ నవమినాటికి మన తోటలలో కాయ ముదురుతూ ఉంటుంది. గాలికి రాలుతుందో, కోతులు పాడుచేస్తాయో, దొంగలు కోస్తారో అనే భయంతో కాపలాదారు గుడిసె విడిచి కదలలేడు. అతనికి భద్రాచలం మాట అటుంచి, ఊరి పందిరి కూడ దూరమే. అటువంటివానికి మామిడికొమ్మకు వ్రేలాడే ట్రాన్సిస్టరే కల్యాణమంటపం. మంగళవాద్యాలు మ్రోగగానే చెట్టుక్రింద నిలిచి చేతులు జోడించే భాగ్యం అతనికి కలిగింది. వంట ఇంటి ఇల్లాలికి, మంచం పట్టిన వృద్ధునికి, కన్నులు లేనివానికి కూడ ఆ సభలో ముందువరుసలోనే చోటు దొరికింది.

పెట్టెలోనుండి వచ్చే పురాణం వింటే పుణ్యమా అని శంకించినవారు లేకపోలేదు. పడుకొని, కబుర్లాడుతూ వినడం శ్రవణం కాదన్న వారి మాటలో సత్యమున్నది. అయితే ఆ లోపం వినేవానిది, యంత్రానిది కాదు. సభలో కూర్చొని కునికేవానికంటె తోటలో నిలిచి విన్నవాడే పరీక్షిత్తుకు దగ్గరివాడని మేము విశ్వసిస్తున్నాము.

ఇక మనసు కలచే విషయం ఒకటి చెప్పవలసి ఉన్నది. ఆనాటి అయస్కాంతపు టేపు ఖరీదైనది, చెరిపి మరల వాడుకొనదగినది. కొన్నిటినే ఏర్చి భద్రపరచి, తక్కినవాటిపై క్రొత్త కార్యక్రమాలు ముద్రించడం రేడియో కేంద్రాలలో పరిపాటి. ఆ విధంగా ఎన్నో సభల వాణి గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోయింది. 1990లో ఉషశ్రీగారు, 1993లో గోపాలరత్నంగారు, 2016లో బాలమురళీకృష్ణగారు, 2018లో రజనీగారు కీర్తిశేషులయ్యారు. మిగిలిన ముద్రణలే మనకు వారి సన్నిధి.

తాళపత్రాలను చెదలు తినకుండ మన పూర్వులు కాపాడినందుననే మనకు పురాణాలు దక్కాయి. నేటి తాళపత్రం ఆ టేపే. చాలా ఇండ్లలో రేడియో నుండి పట్టుకొన్న ప్రవచనాల కాసెట్లు అటకలపై ఉన్నాయి. తేమకు బూజుపట్టి, పొరలు అంటుకొని అవి ఏటేటా మూగవోతున్నాయి. వాటిని తెలిసినవారిచేత నూతన పద్ధతిలో ప్రతి తీయించండి. వక్త పేరు, విన్న సంవత్సరం, ఊరు వ్రాసి ఉంచండి. మనుమలను కూర్చుండబెట్టి వినిపించండి. మామిడిటెంక నాటినవాడు ఫలం తనకే దక్కాలని నాటడు. శ్రవణభక్తి కూడ విన్నవానితో ముగియరాదు, వినిపించినప్పుడే అది ఫలిస్తుంది.

శ్రీ సీతారామచంద్రుల కృప అందరికీ కలుగుగాక!

స్వస్తి.