గేరు నాడి

శాలిబండ నుంచి చార్మినార్ వైపు నడిచి వస్తే, మక్కా మసీదుకి కాస్త ఇవతలే చౌమహల్లా ప్యాలెస్. చూడబోయిన ఆడవాళ్ళమంతా షాండ్లియర్ల కింద మెడలు నొప్పెట్టేదాకా నిలబడతాం. పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "అది మగవాళ్ళు చూసుకుంటార్లే" అని పక్కకి తప్పుకుంటాం. ఆ కారుకీ ఓ కథ ఉందండీ!

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చారు. కారు వచ్చేలోపే, 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. సింహాసనంలాంటి సీటున్న ఆ సిల్వర్ ఘోస్ట్ కొడుకు ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో వచ్చి చేరింది.

వెనక సీటులో రాజసం సరే, ముందు సీటులో డ్రైవరు అవస్థ ఎవరు చూశారు? లోపల పళ్ళచక్రాలు తలో వేగంతో తిరుగుతుంటే, క్లచ్చి రెండేసిసార్లు తొక్కి, ఇంజను రొద చెవితో విని, సరిగ్గా ఆ క్షణానికి గేరు కలపాలి. తప్పిందా, రోట్లో గులకరాళ్ళు దంచినట్టు చప్పుడు! 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టినప్పుడు కూడా గేర్ల భారమంతా డ్రైవరు చేతిమీదా, కాలిమీదే.

ఆ చప్పుడు మాన్పించినవాడు ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. ఆయన కనిపెట్టిన సింక్రోమెష్ గేర్లు 1928లో కాడిలాక్ కార్లలో వచ్చాయి. అంతటితో ఊరుకున్నాడా? అసలు క్లచ్చి పెడలే లేని హైడ్రామాటిక్ గేర్‌బాక్సు తయారుచేసిందీ ఆయన బృందమే. 1939లో అది ఓల్డ్స్‌మొబైల్ కార్లలోకి, యుద్ధం వచ్చాక అమెరికావారి తేలిక టాంకుల్లోకి, 1950లలో అక్కడి పికప్ బండ్లలోకి ఎక్కింది. మన తెలుగుగడ్డ మీద శ్రీసిటీలో 2016లో ఇసుజు ఫ్యాక్టరీ వచ్చింది. వాళ్ళ పికప్పు 2019లో ఆటోమేటిక్ గేర్లతోనూ దొరికింది.

క్లచ్చి తొక్కకుండా గేర్లు ఎలా మారతాయంటారా? రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేయండి. ఆ గాలికి రెండోదీ మెల్లగా తిరుగుతుంది. గాలికి బదులు నూనె అనుకోండి, అంతే! జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం ఈ ఉపాయం కనిపెట్టాడు. ఆటోమేటిక్ బండిలో ఇంజను బలాన్ని అందించేదీ, లోపలి క్లచ్చి పలకల్ని బిగించేదీ, వేడిని మోసుకుపోయేదీ ఆ నూనే. ఒంటికి రక్తం ఎలాగో, గేర్‌బాక్సుకి నూనె అలాగ.

ఈ సంగతి తెలియక మా చిన్నాడపడుచు గాజులు పోగొట్టుకోబోయింది. వాళ్ళకి మొక్కల నర్సరీ ఉంది. కుండీలు మోయడానికి పాత ఆటోమేటిక్ పికప్పు ఒకటి కొన్నారు. ఏ కంపెనీదైతేనేం లెండి. ఓ రోజు ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకుంటోందిట, బండి మాత్రం కదలదుట. ఒక మెకానిక్కు బానెట్టు ఎత్తీ ఎత్తకుండానే, "గేర్‌బాక్సు మొత్తం మార్చాలి, రెండు లక్షలు" అన్నాడు. "వదినా, గాజులు తాకట్టు పెడదామంటున్నారు" అంటూ ఏడుపుగొంతుతో నాకు ఫోను చేసింది.

మా వీధి చివర ఓ ముసలి ఉస్తాద్ ఉన్నాడు. "పహలే తేల్ దేఖో, భాయ్" అన్నాడు మా వారితో. బండిని చదునైన చోట పెట్టించి, ఇంజను నడుస్తుండగా, నూనె తగిన వేడికి వచ్చాక మట్టం కొలిచాడు. బాగా తగ్గింది. తెల్లటి గుడ్డమీద ఓ చుక్క వేసి, వాసన చూశాడు. ఇంకా ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు.

"నల్లబడి మాడు కంపు కొడితే లోపలి పలకలు కాలాయన్నమాట. పాలు కలిసినట్టు గులాబీరంగుకి తిరిగితే నీళ్ళు చేరాయని. అడుగు పళ్ళెంలో లోహపు ముక్కలు మెరుస్తుంటే అప్పుడు ఆ మెకానిక్కు మాటే నిజం. కాని ఈ నూనె పెట్రోలులా ఖర్చయ్యేది కాదు భాయ్, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే" అన్నాడు. వెతికితే నూనె చల్లబరిచే గొట్టం అతుకు దగ్గర కారుతోంది! నూనె తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి చాలదు, పలకలు జారతాయి. అదీ ఆ గొంతు చించుకోవడం! గొట్టం మార్చి, కంపెనీ చెప్పిన రకం నూనే పోసి, కంప్యూటరు తగిలించి కోడ్‌లు కూడా చూశాకగాని బండి ఇవ్వలేదు. గాజులు చేతికే ఉన్నాయి.

రాజుగారి డ్రైవరు చెవితో పట్టుకున్న నాడిని ఈనాటి ఉస్తాద్ ముక్కుతోనూ, కంప్యూటరుతోనూ పడుతున్నాడు. సాధనాలు మారాయిగాని పద్ధతి అదే, ముందు నాడి, తరవాతే మందు. అందుకని, "మొత్తం మార్చాలి" అన్న మాట వినబడగానే కంగారు పడకండి. నూనె మట్టం ఎంతుంది? రంగూ, వాసనా ఎలా ఉన్నాయి? కంప్యూటరు ఏం చెప్పింది? ఈ మూడింటికీ జవాబు వచ్చాకే బీరువా తాళం తీయండి.