సాక్ష్యానికి చిరునామా: హైదరాబాద్ సంస్థాన విపత్కాలంలో సామాన్యుల రాతలు (1926–1951)

పౌర పాత్రికేయం అనే మాట తెలుగు విమర్శలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. వృత్తిరీత్యా విలేఖరి కాని మనిషి తన కళ్లెదుట జరిగిన యుద్ధాన్నో విపత్తునో తానే నమోదు చేసి లోకానికి తెలియజేయడం అని దానికి స్థూలార్థం. మాట కొత్తదే గాని పని కొత్తది కాదు. హైదరాబాద్ సంస్థానంలో 1926లో గోలకొండ పత్రిక వెలువడిన నాటి నుంచి 1951లో సాయుధ పోరాట విరమణ వరకు పాతికేళ్ల పాటు ఆ పని చేసినవారిలో బడిపంతుళ్లు, హోటలు పనివారు, ఖైదీలు, అక్షరం రాని గాయకులు ఉన్నారు. వారి రాతలను, పాటలను సాహిత్య చరిత్రకారులు ఎక్కువగా నవలకో కవిత్వానికో ముడిసరుకుగా చూశారు. అవి స్వతంత్రమైన సాక్ష్య వాఙ్మయం. ప్రతి సాక్ష్యానికీ ఒక చిరునామా ఉంటుంది. ఎవరు వింటారని నమ్మి చెప్పారన్నదే దాని రూపాన్ని, భాషను, చివరికి దాని ఆయుష్షును కూడా నిర్ణయిస్తుంది.

ఈ విషయాన్ని నల్లగొండ, వరంగల్ వైపు నుంచి చూడడం పరిశోధకులకు అలవాటు. సంస్థానపు పడమటి అంచు నుంచి, అంటే నేటి వికారాబాద్ జిల్లాలోని మోమిన్‌పేట్, తాండూరు ప్రాంతాల నుంచి చూస్తే చిత్రం మారుతుంది. మోమిన్‌పేట్ సదాశివపేట నుంచి వికారాబాద్‌కు వెళ్లే దారిలో ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం షోలాపూర్ నుంచి హైదరాబాద్‌కు వచ్చిన ప్రధాన మార్గం దీనికి ఉత్తరాన ఎంతో దూరంలో లేదు. తాండూరు అప్పటికి తెలంగాణ జిల్లాలలో చేరినది కాదు. గుల్బర్గా జిల్లాలో ఒక తాలూకా. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో కొడంగల్‌తో పాటు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఈ పాలనా రేఖ తరువాతి కాలంలో ఎవరి బాధ ఏ భాషలో నమోదైందన్న ప్రశ్నకు పెద్ద జవాబే చెబుతుంది.

పత్రికకు రాసిన ఊరు

1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను, ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రికను నడిపారు. రెండూ చిన్న ఊళ్ల ప్రయత్నాలే. సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926 మే 10న ఆరంభమైన గోలకొండ పత్రిక ఆ ప్రయత్నాలకు రాజధానిలో స్థానం కల్పించింది. దానిలో వెట్టిచాకిరి, అధికారుల లంచగొండితనం, దేశ్‌ముఖుల దౌర్జన్యం గురించి ఊళ్ల నుంచి వచ్చిన వార్తలు చోటు చేసుకున్నాయి. సభ జరపాలంటే ముందస్తు అనుమతి కోరే గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న సంస్థానంలో ఊరి సంగతిని అచ్చులోకి ఎక్కించడమే ఒక బహిరంగ సభ. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికను కూడా ఈ వెలుగులో చూడవచ్చు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల పద్యాలను, వివరాలను సేకరించగలగడం సురవరం ఒక్కరి శ్రమతో అయ్యే పని కాదు. ఊరూరా చదివి, జవాబు రాసే పాఠకులు అప్పటికే ఉన్నారనడానికి అది నిదర్శనం. ఆ సంచికను కవిత్వ సంకలనంగానే చదివే అలవాటు వల్ల దాని వెనుక పనిచేసిన తపాలా వలయం మన దృష్టికి రాలేదు.

ఈ రాతల చిరునామా ప్రభుత్వం. వాటి భాష అర్జీ భాషకు దగ్గరగా ఉంటుంది. ఫలానా గ్రామం, ఫలానా అధికారి, ఫలానా అన్యాయం, విచారణ జరిపించవలెనన్న మనవి. ఆవేశం తక్కువ, వివరం ఎక్కువ. పాలకుడు న్యాయం చేస్తాడన్న నమ్మకం, కనీసం సిగ్గుపడతాడన్న ఆశ, దాని అడుగున ఉన్నాయి. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ తీర్మానాలదీ ఇదే ధోరణి. జోగిపేటగాని, 1946లో మహాసభ జరిగిన సంగారెడ్డి సమీపంలోని కంది గాని మోమిన్‌పేట్‌కు దూరపు ఊళ్లు కావు. తొలి సభకు, కంది సభకు మధ్య గడిచిన పదహారేళ్లలో ఆ నమ్మకం క్షీణించింది. సాక్ష్యం చిరునామా మార్చుకుంది.

పాట, జైలు, నవల

1946 తరువాత నల్లగొండ, వరంగల్ గ్రామాలలో వార్త పాటగా నడిచింది. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటివారి పాటలు దొర పేరు, ఊరి పేరు, జరిగిన దౌర్జన్యం చెబుతాయి. అచ్చుయంత్రం అందని చోట, చదువు రానివారికి, పట్టుబడినా కాగితం దొరకని రూపంలో వార్తను చేరవేసిన సాధనం అది. యాదగిరి పాట నిజాం ప్రభుత్వాన్నే సంబోధిస్తుంది. అయినా వినవలసినది ఆ ప్రభుత్వం కాదని పాడేవారికీ, చుట్టూ నిలబడిన వారికీ తెలుసు. అర్జీలో సంబోధన నిజమైనది. పాటలో సంబోధన ఒక ఉపాయం. అసలు శ్రోత పక్క ఊరు.

సరిహద్దు ఆవల ఇదే సామగ్రి మరో దారి పట్టింది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకాన్ని ప్రజానాట్యమండలి కోస్తా జిల్లాలలో విస్తృతంగా ప్రదర్శించింది. బొల్లిముంత శివరామకృష్ణ మృత్యుంజయులు నవల కూడా ఆ ఏడాదిదే. మద్రాసు రాష్ట్రంలోని తెలుగువారికి తెలంగాణ వార్త చాలా మేరకు ఇలా చేరింది. ఈ రచనల నిబద్ధతను శంకించనక్కరలేదు. అయితే చూసినవాడు చెప్పడానికి, విన్నవాడు చెప్పడానికి మధ్య ఉండే తేడా వాటిలో కనబడుతుంది. విన్నవాడి కథనం త్వరగా ఆకృతి దాలుస్తుంది. చూసినవాడి మాట తడబడుతుంది, అనవసరమనిపించే వివరం దగ్గర ఆగిపోతుంది.

ఆ తడబాటు విలువను గుర్తించిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లా మాధవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి ఇతరుల ఇళ్లలో వంట చేశారు, హోటలులో సర్వరుగా ఉన్నారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకొని ఊళ్లు తిరిగి అమ్మారు. ఆయన జైలు లోపల కథలలో నాయకులు తక్కువ. దొంగతనానికో హత్యకో శిక్ష పడినవారు, జైలు వాడుకలు, అక్కడి మాటలు ఎక్కువ. రాజకీయ ఖైదీగా లోపలికి వెళ్లిన మనిషి తన గురించి రాసుకోక పక్క గదిలో ఉన్నవాడి గురించి రాయడం తెలుగు జైలు సాహిత్యంలో సామాన్యమైన విషయం కాదు. 1955లో వచ్చిన ప్రజల మనిషి నవలకు లభించిన కీర్తి ముందు ఈ చిన్న పుస్తకం కొంత మరుగున పడింది. సాక్ష్య రచనగా చూస్తే దానికే ప్రథమ స్థానం ఇవ్వవలసి ఉంటుంది. దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి సుప్రసిద్ధం. అప్పుడు ఆయన సహచరుడు ఆళ్వారుస్వామే. గోడ మీది రాతకు చెరిపే చేయి తప్ప చిరునామా లేదు. అది కంఠస్థమై బయటికి వచ్చి, 1949లో అగ్నిధార వెలువడే నాటికి తెలుగు పాఠకలోకమంతా దాని చిరునామా అయింది.

ఉర్దూలోనూ ఇదే కాలంలో ఇదే పని జరిగింది. మందుముల నరసింగరావు నడిపిన రయ్యత్ ఉర్దూ పత్రిక. అందులో పనిచేసి, అది నిషేధానికి గురైన తరువాత ఇమ్రోజ్ స్థాపించిన షోయబుల్లాఖాన్, రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ, సంస్థానం భారత్‌లో చేరాలని రాస్తూ వచ్చారు. 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో ఆయనపై దాడి జరిగింది. మరునాడు మరణించారు. ఆయనను సాధారణ పౌరుడనడం కుదరదు, సంపాదకుడు. కాని సంస్థానంలో సాక్ష్యం చెప్పిన భాష ఒక్క తెలుగే కాదన్న సంగతిని ఆయన జీవితం గుర్తుచేస్తుంది. ఆ వారంలోనే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లిలో ఊచకోత జరిగింది. ఆ ఊరి బురుజు నేటికీ ఒక స్మారకం. బైరాన్‌పల్లికి పాటలు, వ్యాసాలు, వార్షిక స్మరణ సభలు ఉన్నాయి.

సెప్టెంబరు 17 తరువాత

సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17న ముగిసింది. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ తేదీ దగ్గర ఒక అధ్యాయం మూసుకుంటుంది. సాయుధ పోరాటం గురించి రాసేవారు మాత్రం 1951 అక్టోబరు వరకు కొనసాగుతారు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథంలో నాలుగు వేలమంది చంపబడ్డారని, పదివేలమంది నిర్బంధానికి గురయ్యారని లెక్క చెప్పారు. అది ఒక పక్షం లెక్క, ఆ పక్షం దానిని శ్రద్ధగా రాసుకుంది.

మరొక లెక్క వేరే కాగితాలలో ఉంది. పోలీసు చర్య తరువాత ముస్లిములపై జరిగిన హింస గురించి తెలుసుకోవడానికి నెహ్రూ చొరవతో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన బృందం సంస్థానానికి వచ్చింది. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు పర్యటించింది. నాటి 16 జిల్లాలలో 9 చూసింది. 109 గ్రామాలకు చెందిన ఐదు వందల మందికి పైగా మనుషులతో మాట్లాడింది. మృతులు 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటారని అంచనా వేసింది. అత్యధికంగా నష్టపోయినవిగా నాలుగు జిల్లాల పేర్లు చెప్పింది: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నాలుగింటిలోనే మృతులు 18 వేలన్నది. తరువాతి వరుసలోని నాలుగింటిలో మెదక్, నల్లగొండ ఉన్నాయి. రజాకార్లు అంతకుముందు చేసిన అకృత్యాలను ఆ నివేదిక దాచలేదు. హిందూ నేతవారు తమ తోటి ముస్లిం నేతవారిని కాపాడిన ఉదంతాలను కూడా రాసింది.

తాండూరు అప్పుడు గుల్బర్గా జిల్లాలోనిది. మోమిన్‌పేట్‌కు ఉత్తరాన మెదక్ జిల్లా. ఈ రెండు ఊళ్ల మధ్య ప్రాంతం తెలుగు సాక్ష్యాల పటంలో దాదాపు ఖాళీగా ఉండడానికి కారణం సంఘటనలు లేకపోవడం కాదు, చిరునామా లేకపోవడం. 1948 డిసెంబరులో ఆ ఐదు వందల మంది చెప్పినది విన్నది ముగ్గురు. అది ప్రభుత్వానికి సమర్పించిన నివేదికగా మారి, దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులో లేకుండా ఉండిపోయింది. చెప్పినవారి వాక్యాలు అందులో అంకెలుగా మారాయి. విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లో ఒక విదేశీ పత్రికలో హైదరాబాద్ ముస్లిముల విషాదం గురించి రాశారు. జీలానీ బానో ఐవాన్-ఎ-గజల్ నవలలో హైదరాబాద్ కుటుంబాల పతనాన్ని ఉర్దూలో చిత్రించారు. తెలుగులో ఆ పని ఆలస్యంగా, తక్కువగా జరిగింది. నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలు (1981), ముఖ్యంగా యుగాంతం, ఈ మౌనాన్ని ఛేదించిన తొలి గట్టి ప్రయత్నాలలో ఒకటి. ఉర్దూ వాతావరణంలో పెరిగిన రచయిత కావడం వల్ల ఆయనకు రెండు వైపుల ఇళ్లలోని భయమూ తెలుసు. ఆ తరువాత స్కైబాబ సంపాదకత్వంలో జల్‌జలా కవిత్వం (1998), వతన్ కథలు (2004) వచ్చాయి. వీటిలో చాలావరకు మాట్లాడేది తరువాతి తరం. 1948ని చూసినవారు కాదు, చూసినవారి ఇళ్లలో పుట్టినవారు.

రజాకార్ల హింసను నమోదు చేసిన తెలుగు సాక్ష్యం అబద్ధమని దీని అర్థం కాదు. ఒక బాధను రాయడం మరొక బాధను తగ్గించడం అవుతుందన్న భయం ఉభయపక్షాల వారిలోనూ ఉంది. ఏటా సెప్టెంబరులో ఆ రోజును విమోచనమనాలా, విలీనమనాలా, విద్రోహమనాలా అని సాగే వివాదంలో ఆ భయమే వినిపిస్తుంది. వివాదం పేరు మీద నడుస్తున్నంత కాలం ఊరి వివరం వెనకబడుతుంది.

అడిగినప్పుడు చెప్పినవారు

చిరునామా ఏర్పడితే సాక్ష్యం ముప్పై, నలభై ఏళ్లకైనా వస్తుందనడానికి స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన మనకు తెలియని మన చరిత్ర ఉదాహరణ. పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి మాండలికంలోనే రికార్డు చేసి అచ్చు వేశారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటి ప్రసిద్ధుల పక్కనే, అజ్ఞాతవాసంలో కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథనం ఉంది. పార్టీ చరిత్రలలో ఆ సంఘటన ఒక త్యాగం. ఆమె మాటల్లో అది ఆనాటికీ ముగియని బాధ. వారు అంతకాలం ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కంటే, అంతకాలం ఎవరూ ఎందుకు అడగలేదన్న ప్రశ్న సమంజసం. ఆ గ్రంథం పద్ధతి పరంగా సాధించిన దానిని తెలుగు శాఖలు ఇంకా పూర్తిగా స్వీకరించలేదు. మౌఖిక చరిత్రను జానపద విజ్ఞానం పాఠ్యప్రణాళికకు వదిలి, సాహిత్య చరిత్రను అచ్చుపుస్తకాల నుంచి మాత్రమే రాస్తున్నాం.

పడమటి తాలూకాల విషయంలో ఈ లోపం మరింత తీవ్రం. వాడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా హైదరాబాద్‌కు వచ్చే రైలుమార్గం 1874 నాటిది. దాని పొడవునా తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే వినిపిస్తాయి. ఒకే ఇంటివారు బజారులో ఒక భాష, కచేరీలో మరొకటి మాట్లాడిన చోట సాక్ష్యం ఏ ఒక్క శాఖకూ పూర్తిగా చెందదు. తెలుగు పరిశోధకుడు అది ఉర్దూదని, ఉర్దూ పరిశోధకుడు అది పల్లెదని, కన్నడ పరిశోధకుడు అది 1956లో దాటిపోయిన తాలూకా అని వదిలేశారు. మూడు భాషలు తెలిసినవారో, మూడు శాఖలవారు కలిసో చేయవలసిన క్షేత్రకార్యం ఇది. 1948లో పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు ఎనభై అయిదు దాటారు.